బైక్ నేర్పే కోర్సుకి డబ్బు కడుతున్నారా? ఎనిమిది వేయడం వస్తే సరిపోదు.. ముందు ఈ లెక్కలు చూడండి!

బ్రాడీపేట (గుంటూరు): ఇంటర్ అయిపోయింది. బీటెక్‌లో సీటొచ్చింది. ఇంట్లో పిల్లల నుంచి వచ్చే మొదటి డిమాండ్ ఏంటో అందరికీ తెలుసు. బండి! నాన్న షోరూమ్‌కి తీసుకెళ్తారు, అమ్మ నిమ్మకాయలు తొక్కిస్తుంది, సాయంత్రానికి బండి వీధిలోకి వచ్చేస్తుంది. ఈ మొత్తం హడావిడిలో ఎవరూ గట్టిగా అడగని ప్రశ్న ఒకటి ఉంది. నడపడం ఎవరు నేర్పారు?

మన దగ్గర చాలామందికి బండి నేర్పింది బాబాయో, మేనమామో, లేదంటే పక్కింటి ఫ్రెండో. ఆదివారం పొద్దున్నే ఖాళీ గ్రౌండ్‌లో రెండు రౌండ్లు. క్లచ్ వదలడం, గేరు వేయడం, పడకుండా తిరగడం. అంతే, నేర్చుకోవడం అయిపోయినట్టే. ఇప్పుడు దీనికి తోడు డ్రైవింగ్ స్కూళ్లు, ఇంటికొచ్చి స్కూటీ నేర్పే ట్రైనర్లు, కంపెనీల సేఫ్టీ సెంటర్లు కూడా ఉన్నాయి. వీటిలో ఏది నిజంగా ప్రాణం కాపాడుతుంది? ఏది లైసెన్సు వరకే పనికొస్తుంది? ఒక్కొక్కటిగా చూద్దాం.

ముఖ్యాంశాలు ఇవీ..

• 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో చనిపోయినవాళ్లలో 44 శాతానికి పైగా టూవీలర్ల మీద వెళ్లినవాళ్లే
• లైసెన్సు టెస్టు చూసేది బండి మీద పట్టు, రోడ్డు మీద తెలివి కాదు
• ట్రైనింగ్ తీసుకుంటే ప్రమాదాలు తగ్గుతాయని గట్టి రుజువు లేదు.. కొన్నిసార్లు ధీమా పెరిగి నష్టమే జరిగింది
• అయినా మంచి కోర్సు, ఉత్తుత్తి కోర్సు మధ్య తేడా పట్టుకోవచ్చు.. ఎలాగో కింద స్కోర్‌కార్డులో చూడండి

రోజుకి 205 మంది!

కేంద్ర రోడ్డు రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో 4,61,312 రోడ్డు ప్రమాదాలు జరిగాయి. 1,68,491 మంది చనిపోయారు. వాళ్లలో 74,897 మంది టూవీలర్ల మీద వెళ్తున్నవాళ్లు. అంటే సగటున రోజుకి 205 మంది. 2023లో మొత్తం మరణాలు 1 లక్షా 72 వేలు దాటాయి.

ఇంకో లెక్క చూడండి. 2022లో హెల్మెట్ లేకుండా చనిపోయినవాళ్లు 50,029 మంది. అందులో 35,692 మంది బండి నడిపినవాళ్లు, 14,337 మంది వెనక కూర్చున్నవాళ్లు. 'నేను నడపట్లేదు కదా, నాకెందుకు హెల్మెట్' అనేవాళ్లు ఈ రెండో అంకె మరోసారి చదవాలి.

మొత్తం మృతుల్లో మూడింట రెండు వంతుల మంది 18 నుంచి 45 ఏళ్ల మధ్యవాళ్లు. మరణాల్లో 71 శాతం ఓవర్ స్పీడ్ ఖాతాలోనే పడ్డాయి. ప్రమాదాలు ఎక్కువగా జరిగే టైమ్ సాయంత్రం 6 నుంచి రాత్రి 9 వరకు. ఈ టైమ్ గుర్తుపెట్టుకోండి, దీంతో మళ్లీ పని ఉంది.

మన రాష్ట్రం సంగతి చూస్తే, హెల్మెట్ నిబంధన గట్టిగా అమలు చేయాలని హైకోర్టు 2024 జూన్‌లోనే చెప్పింది. అదే ఏడాది డిసెంబరులో ఈ కేసు మళ్లీ విచారణకు వచ్చినప్పుడు, హెల్మెట్ లేక మూడు నెలల్లో 667 మంది చనిపోయారన్న లెక్క మీద కోర్టు తీవ్రంగా స్పందించింది.

'ఎనిమిది' టెస్టు ఏం చూస్తుంది? ఏం చూడదు?

లైసెన్సు తీసుకున్న ప్రతి ఒక్కరికీ ఎనిమిది గుర్తుంటుంది. ట్రాక్ మీద ఎనిమిది అంకె ఆకారంలో బండి తిప్పాలి, కాలు కింద పెట్టకూడదు. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ చూస్తుంటారు. కాలు పెట్టకపోతే పాస్.

ఇది పనికిరాని టెస్టేం కాదు. నెమ్మదిగా వెళ్తూ బ్యాలెన్స్ చేయడం, క్లచ్ మీద పట్టు, తల తిప్పి చూడాల్సిన వైపు చూడటం.. ఇవి వస్తేనే ఎనిమిది వస్తుంది. ట్రాఫిక్‌లో ఇవి అవసరమే.

కానీ ఎనిమిది వేసేది సైకిల్ స్పీడులో. ప్రాణం పోయేది ఆ స్పీడులో కాదు. 50లో వెళ్తుంటే ముందు ఆటో సడెన్‌గా ఆగినప్పుడు ఏం చేయాలి? అడ్డరోడ్డు నుంచి స్కూటర్ దూసుకొస్తుందని ముందే ఎలా పసిగట్టాలి? వానలో ముందు బ్రేక్ ఎంత నొక్కాలి? ట్రాక్ మీద ఎనిమిది వేసినంత మాత్రాన ఇవేవీ బయటపడవు. వంట వచ్చా అని అడిగి, పొయ్యి వెలిగించడం చూసి మార్కులేసినట్టు ఉంటుంది.

సమస్య ఎక్కడొస్తుందంటే, టెస్టు ఎలా ఉంటే ట్రైనింగ్ కూడా అలాగే తయారవుతుంది. కోర్సు కొనేవాడికి కావాల్సింది లైసెన్సు, అమ్మేవాడు ఇచ్చేదీ అదే. 'వారం రోజుల్లో ఎనిమిది గ్యారంటీ' అంటే జనం చేరతారు. 'మూడు వారాలు బ్రేకింగ్ నేర్పుతాం' అంటే ఎంతమంది చేరతారు?

మార్కెట్లో ఏమేం దొరుకుతున్నాయి?

మొదటిది, ఇంట్లోవాళ్ల ట్రైనింగ్. ఖర్చు లేదు. పైగా నేర్పేవాళ్లకి మన మీద ప్రేమ ఉంటుంది. కానీ వాళ్ల అలవాట్లు కూడా మనకి వచ్చేస్తాయి. ముందు బ్రేక్ అసలు ముట్టుకోవద్దు, పల్టీ కొడతావ్ అని నేర్పే బాబాయిలు మన ఊళ్లో కోకొల్లలు. నిజానికి బండిని ఆపే శక్తిలో ఎక్కువ భాగం ముందు బ్రేక్‌దే. బ్రేక్ వేయగానే బరువంతా ముందు చక్రం మీదికి వస్తుంది, దాంతో ఆ టైరుకి పట్టు పెరుగుతుంది. వెనక బ్రేక్ ఒక్కటే తొక్కితే బండి ఆగాల్సిన చోట ఆగదు, వెనక చక్రం జారుతుంది. రెండూ కలిపి, మెల్లగా బిగిస్తూ నొక్కడం ఒక విద్య. అది ప్రాక్టీస్ చేస్తేనే వస్తుంది.

రెండోది, ఇంటికొచ్చి స్కూటీ నేర్పేవాళ్లు. ఆడవాళ్లకి ఆడవాళ్లే నేర్పడం వల్ల చాలామంది గృహిణులు, ఉద్యోగినులు ధైర్యంగా బండి ఎక్కారు. ఇది చిన్న విషయం కాదు. అయితే వీటిలో ఎక్కువ భాగం బ్యాలెన్స్, స్టార్టింగ్, మలుపులు, ఖాళీ వీధుల్లో రౌండ్ల దగ్గర ఆగిపోతాయి.

మూడోది, లైసెన్సు ఉన్న డ్రైవింగ్ స్కూళ్లు. సెంట్రల్ మోటార్ వెహికల్స్ రూల్స్, 1989లో వీటికి సిలబస్ ఉంది. అందులో ట్రాఫిక్ పాఠాలు, బండి మెకానిజం, ఫస్ట్ ఎయిడ్ కూడా ఉన్నాయి. కాగితం మీద సిలబస్ బాగానే ఉంది. మన పక్క స్కూళ్ల బోర్డులు చూస్తే మాత్రం పెద్దక్షరాల్లో కారే కనిపిస్తుంది, బైక్ కింద చిన్నక్షరాల్లో ఉంటుంది.

నాలుగోది, కంపెనీలు, ప్రభుత్వాలు కలిసి నడిపే సెంటర్లు. తెలుగు రాష్ట్రాల్లో చెప్పుకోవాలంటే కరీంనగర్‌లో హోండా సేఫ్టీ డ్రైవింగ్ ఎడ్యుకేషన్ సెంటర్ ఉంది. హైదరాబాద్ గోషామహల్‌లో ట్రాఫిక్ పోలీసుల ట్రైనింగ్ ఇన్‌స్టిట్యూట్ ఉంది. తాగి దొరికినవాళ్లకి కౌన్సెలింగ్ ఇచ్చేది అక్కడే. సిరిసిల్ల జిల్లాలో టైడ్స్ అనే డ్రైవింగ్ శిక్షణ సంస్థ ఉంది. కానీ బ్రాడీపేటలో ఉండే కుర్రాడు బండి నేర్చుకోడానికి కరీంనగర్ వెళ్లడు కదా! దగ్గర్లో దొరికేదే తీసుకుంటాడు.

ఆ సర్టిఫికెట్ల మధ్య తేడా ఇదే

2024 మే నెలలో ఒక వార్త ఫోన్లలో తెగ తిరిగింది. 'జూన్ 1 నుంచి ఆర్టీఏ ఆఫీసులో టెస్టు అక్కర్లేదు' అని. కేంద్ర రవాణా శాఖ వెంటనే వివరణ ఇచ్చింది. కొత్తగా ఏమీ మారలేదు, అక్రెడిటెడ్ డ్రైవర్ ట్రైనింగ్ సెంటర్ల రూల్స్ 2021 జూన్‌లోనే నోటిఫై అయ్యాయి, 2021 జులై 1 నుంచి అమల్లో ఉన్నాయి అని చెప్పింది.

తేడా సింపుల్‌గా చెప్పాలంటే ఇంతే. అక్రెడిటెడ్ సెంటర్‌లో కోర్సు పాసైతే ఇచ్చేది ఫారం 5బి. అది ఉంటే డ్రైవింగ్ టెస్టు నుంచి మినహాయింపు. మామూలు డ్రైవింగ్ స్కూల్ ఇచ్చేది ఫారం 5. దానికి టెస్టు మినహాయింపు లేదు. కాబట్టి మామూలు స్కూల్ వాళ్లు 'మా సర్టిఫికెట్ ఉంటే టెస్టు లేదు' అన్నారంటే అక్కడి నుంచి లేచి వచ్చేయండి.

ఈ అక్రెడిటెడ్ సెంటర్లలో కారు లాంటి తేలికపాటి వాహనాల కోర్సు 29 గంటలు. గరిష్ఠంగా నాలుగు వారాల్లో పూర్తి చేయాలి. కారుకి 29 గంటలు కావాలని రూల్ చెబుతోంది. కారుకి చుట్టూ డోర్లుంటాయి, సీటు బెల్టు ఉంటుంది. చుట్టూ ఏమీ లేని బండికి మనం రెండు ఆదివారాలు సరిపోతాయనుకుంటున్నాం.

అసలు ట్రైనింగ్‌తో ప్రమాదాలు తగ్గుతాయా?

ఇక్కడే చాలామంది ఊహించని విషయం ఉంది. వైద్య పరిశోధనలన్నింటినీ జల్లెడ పట్టి చెప్పే కోక్రేన్ సంస్థ 2010లో బైక్ ట్రైనింగ్ మీద ఒక సమీక్ష వెలువరించింది. 23 అధ్యయనాలు చూసింది. చివరికి తేల్చింది ఏంటంటే, ట్రైనింగ్ వల్ల ప్రమాదాలు తగ్గుతాయో లేదో చెప్పేంత నాణ్యమైన ఆధారాలు లేవని.

ఎందుకలా? ఒక కారణం ఏంటంటే, డబ్బు కట్టి సేఫ్టీ కోర్సుకి వెళ్లేవాళ్లు ముందు నుంచే జాగ్రత్తపరులై ఉండొచ్చు. వాళ్లకి ప్రమాదాలు తక్కువైతే అది కోర్సు గొప్పతనమా, వాళ్ల స్వభావమా? విడదీసి చెప్పడం కష్టం.

ఈ చిక్కు విడదీయడానికి ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో పెద్ద ప్రయోగం చేశారు. కొత్తగా లైసెన్సు వచ్చిన 2,399 మందిని లాటరీ పద్ధతిలో రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకి అసలు రోడ్డు మీద కోచింగ్ ఇచ్చారు, రెండో గుంపుకి ఇవ్వలేదు. 2016లో వచ్చిన ఫలితం? ప్రమాదాలు తగ్గినట్టు ఆధారం దొరకలేదు. పైగా కోచింగ్ తీసుకున్నవాళ్లలో ధీమా పెరిగింది. స్పీడ్‌గా వెళ్తున్నామని వాళ్లే ఎక్కువగా చెప్పారు!

కార్ల విషయంలో నార్వేది ఇంకా పాత అనుభవం. జారే రోడ్ల మీద బండిని అదుపు చేయడం 1980ల్లో అక్కడ తప్పనిసరిగా నేర్పారు. తర్వాత చూస్తే కుర్రాళ్లలో ప్రమాదాలు తగ్గకపోగా పెరిగాయి. జారినా నేను ఆపగలను అనుకున్నవాడు స్లో చేయడు మరి.

అయితే ట్రైనింగ్ దండగ అని దీనర్థమా? కాదు. బండిని వంచడం, జారితే నిలబెట్టడం లాంటి చేతి నైపుణ్యాలు మాత్రమే నేర్పితే ధీమా పెరుగుతుంది, జాగ్రత్త పెరగదు. అందుకే కోర్సు ఉందా లేదా అన్నది కాదు, కోర్సులో ఏముంది అన్నది అసలు ప్రశ్న.

ఇదే కోక్రేన్ సంస్థ హెల్మెట్ల మీద 2008లో ఇచ్చిన సమీక్షలో మాత్రం మాట స్పష్టంగా ఉంది. హెల్మెట్ మరణ ముప్పుని సుమారు 42 శాతం, తలకి గాయం అయ్యే ముప్పుని 69 శాతం తగ్గిస్తుంది. అంటే వేల రూపాయల కోర్సు ఇస్తుందో లేదో తెలియని రక్షణని, ఐఎస్ఐ మార్కు ఉన్న హెల్మెట్ మొదటి రోజు నుంచే ఇస్తుంది. పట్టీ బిగిస్తేనే సుమా! ట్యాంకు మీద పెట్టుకుంటే అది పెట్రోల్ ట్యాంకుని కాపాడుతుంది.

మరి బయట ఎలా నేర్పుతున్నారు?

బ్రిటన్‌లో 1990 డిసెంబరు నుంచి బేసిక్ ట్రైనింగ్ తప్పనిసరి చేశారు. అది పూర్తిచేయకుండా కొత్తవాళ్లు బండితో రోడ్డెక్కకూడదు. గ్రౌండ్‌లో ఒక ట్రైనర్‌కి నలుగురికి మించి ఉండకూడదు. రోడ్డు మీదికి వెళ్లాక ఇద్దరికి మించకూడదు. రోడ్డు మీద కనీసం రెండు గంటలు నడిపించాలి, ట్రైనర్ వెనకాలే వస్తూ రేడియోలో చెబుతుంటారు. ఆ సర్టిఫికెట్‌కి కూడా రెండేళ్లే గడువు. తర్వాత థియరీ టెస్టులో వీడియో చూపించి, ప్రమాదం ఎక్కడ మొదలవుతోందో క్లిక్ చేయమంటారు. 2002 నుంచి ఈ పద్ధతి ఉంది.

అమెరికాలో మన తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే టెక్సాస్‌లో బైక్ లైసెన్సు కావాలంటే కోర్సు పూర్తి చేసిన సర్టిఫికెట్ తప్పనిసరి. ఇక్కడ ఏ కోర్సూ చేయకుండా బుల్లెట్ నడిపినవాళ్లు కూడా డాలస్ వెళ్లాక క్లాసులో కూర్చోవాల్సిందే. అక్కడ పేరున్న బేసిక్ కోర్సు సుమారు 15 గంటలు ఉంటుంది. అందులో పది గంటల దాకా బండి మీదే.

గుంటూరు రోడ్లకి సపరేట్ సిలబస్ కావాలి!

లండన్ పాఠాలు మనకి యథాతథంగా సరిపోవు. మన రోడ్ల సంగతి వేరు. బ్రాడీపేటనే తీసుకోండి. నిలువుగా లైన్లు, అడ్డంగా అడ్డరోడ్లు. అడ్రస్ చెప్పేటప్పుడు ఇది ఎంత సౌకర్యమో, బండి నడిపేటప్పుడు అంత చిక్కు. అడుగడుగునా నాలుగు రోడ్ల కూడలి. మూల మీద షాపు, షాపు ముందు బళ్లు. అవతల నుంచి ఎవరొస్తున్నారో మూలకి వచ్చేదాకా కనపడదు. కోచింగ్ సెంటర్ వదిలే టైమ్‌లో సైకిళ్లు, స్కూటీలు, ఆస్పత్రులకి వచ్చే ఆటోలు అన్నీ ఒకేసారి.

ఇక్కడ చిన్న లెక్క వేద్దాం. 40 కిలోమీటర్ల స్పీడులో బండి సెకనుకి 11 మీటర్లు వెళ్తుంది. ఎదురుగా ఏదో వచ్చిందని గుర్తించి బ్రేక్ మీద వేలు పడటానికి ఒకటిన్నర సెకను అనుకుందాం. ఆలోపే 17 మీటర్లు అయిపోయాయి. పొడి రోడ్డు మీద బ్రేకులు బాగా పనిచేస్తే ఇంకో పది మీటర్లకి ఆగుతుంది. మొత్తం 27 మీటర్లు. అదే 60 స్పీడులో అయితే సుమారు 48 మీటర్లు! స్పీడు ఒకటిన్నర రెట్లు పెరిగితే, బ్రేక్ పడ్డాక ఆగే దూరం రెండు రెట్లు దాటిపోతుంది. ఇప్పుడు చెప్పండి, మీ వీధిలో రెండు అడ్డరోడ్ల మధ్య దూరం ఎంత?

ఊరు దాటితే ఇంకో రకం. జనవరి నుంచి వేసవి దాకా మిర్చి సీజన్. టిక్కీలు ఎత్తుకున్న లారీలు, ట్రాక్టర్లు చుట్టుగుంట మీదుగా యార్డుకి బారులు తీరతాయి. పత్తి సీజన్‌లో బోరేలు వేసుకున్న ట్రక్కులు రోడ్డు సగం ఆక్రమిస్తాయి. వెనక లైటు లేని ట్రాక్టర్ ట్రక్కు చీకట్లో కనపడేసరికి ఆలస్యం అయిపోతుంది. వాన పడిందంటే పొలంలోంచి వచ్చిన ట్రాక్టర్ టైర్లతో నల్లరేగడి బురద తారు రోడ్డెక్కుతుంది. సబ్బు పూసినట్టు జారుతుంది. 16వ నంబరు జాతీయ రహదారి మీద సర్వీసు రోడ్డు వదిలి రాంగ్ రూట్‌లో వచ్చే బళ్ల సంగతి సరేసరి.

ప్రమాదాలు ఎక్కువ జరిగేది సాయంత్రం 6 నుంచి 9 మధ్య అని పైన చూశాం. మన ట్రైనింగులు జరిగేది ఎప్పుడు? పొద్దున 6 నుంచి 8, ఖాళీ గ్రౌండ్‌లో. ఈత నేర్పుతామని బకెట్ నీళ్లు చూపిస్తే ఎలా?

కోర్సుకి మార్కులు మీరే వేయండి.. 100కి

డబ్బు కట్టే ముందు ట్రైనర్‌ని ఈ ప్రశ్నలు అడగండి. ఈ మార్కులు మా డెస్క్ వేసుకున్న అంచనా, ప్రభుత్వ రేటింగ్ కాదు.

ముందుగా ఒక వడపోత. ఎల్‌ఎల్‌ఆర్ ఉందా అని అడగకుండానే, లేదా 18 నిండాయా అని చూడకుండానే గేరు బండి ఎక్కిస్తున్నారంటే మార్కులు వేయక్కర్లేదు. సున్నా. చట్టాన్ని మొదటి రోజే పక్కన పెట్టేవాళ్లు రోడ్డు రూల్స్ ఏం నేర్పుతారు?

1. హెల్మెట్ (15 మార్కులు): గ్రౌండ్‌లో కూడా తప్పనిసరా? ట్రైనర్ పెట్టుకుంటున్నారా? సైజు, పట్టీ చెక్ చేస్తున్నారా? ట్రైనర్ తలకి లేకపోతే ఈ 15 కట్.

2. బ్రేకింగ్ (20 మార్కులు): రెండు బ్రేకులూ కలిపి వాడటం, సడెన్‌గా ఆపడం, రకరకాల స్పీడుల్లో మళ్లీ మళ్లీ చేయిస్తున్నారా? ఏబీఎస్ ఉన్న బండికీ, లేని బండికీ తేడా చెబుతున్నారా? 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన కొత్త బళ్లకి ఏబీఎస్, అంతకంటే చిన్నవాటికి సీబీఎస్ తప్పనిసరి. మీ ఇంట్లో ఉన్న పాత బండికి రెండూ ఉండకపోవచ్చు.

3. ప్రమాదాన్ని ముందే పసిగట్టడం (25 మార్కులు): అన్నిటికంటే ఎక్కువ మార్కులు దీనికే. ఆగిన బస్సు ముందు నుంచి మనిషి రావచ్చు, ఆగిన ఆటో డోరు వైపు నుంచి దిగొచ్చు, గేదె దాటితే వెనకే దూడ వస్తుంది.. ఇలా 'తర్వాత ఏం జరగొచ్చు' అని ఆలోచించడం నేర్పుతున్నారా? వీడియోలు చూపించి ప్రశ్నలు అడుగుతున్నారా?

4. అసలు రోడ్డు మీద ప్రాక్టీస్ (15 మార్కులు): గ్రౌండ్ తర్వాత ట్రాఫిక్‌లోకి తీసుకెళ్తారా? ట్రైనర్ వెంటే ఉంటారా? చీకటి పడ్డాక ఒక్క క్లాసైనా ఉందా?

5. ఒక్కొక్కరి మీద శ్రద్ధ (10 మార్కులు): ఒక ట్రైనర్‌కి ఎంతమంది? పదిమందిని వరసలో నిలబెట్టి ఒక్కొక్కరికి రెండు రౌండ్లు ఇస్తే, గంట క్లాసులో మీరు బండి మీద ఉండేది ఐదారు నిమిషాలు.

6. ఫెయిల్ చేసే ధైర్యం (10 మార్కులు): 'మీకు ఇంకా రాలేదు, ఇంకో వారం రండి' అని ఎప్పుడైనా అంటారా? అందరినీ పాస్ చేసే కోర్సు ఎవరికీ ఏమీ నేర్పనట్టే.

7. ప్రమాదం జరిగితే ఏం చేయాలి (5 మార్కులు): 108కి ఎలా చెప్పాలి, పడినవాళ్లని ఎలా కదపాలి, ఎలా కదపకూడదు? 2025లో వచ్చిన కేంద్ర పథకం కింద రోడ్డు ప్రమాద బాధితులకి 7 రోజుల వరకు లక్షన్నర దాకా క్యాష్‌లెస్ వైద్యం ఉంది. ఈ ముక్క కూడా క్లాసులో చెప్పాలి.

మొత్తం 70 దాటితే చేరొచ్చు. 40 నుంచి 70 మధ్య ఉంటే, వాళ్లు నేర్పనివి మీరు విడిగా నేర్చుకోవాలి. 40 లోపు అయితే అది లైసెన్సు సర్వీసు, ట్రైనింగ్ కాదు.

ఇంకో మాట. 'లైసెన్సు గ్యారంటీ, మీరు రానక్కర్లేదు' అని చెప్పే చోట 100 మార్కులొచ్చినా వెళ్లొద్దు. అక్కడ మీరు కొంటున్నది కార్డు ఒక్కటే.

తల్లిదండ్రులకి చేదుగా ఉండే విషయాలు

చట్టం ప్రకారం 16 నిండినవాళ్లు నడపగలిగే పెట్రోల్ బండి గేర్లు లేనిది, 50 సీసీ లోపుది. ఇంటర్ కాలేజీల ముందు కనిపించే స్కూటీలు దాదాపు అన్నీ 100 సీసీ దాటినవే. అంటే అవి 18 నిండినవాళ్లవే కావాలి. మైనర్ బండి నడిపి నేరం చేస్తే 2019 సవరణ చట్టం కింద తల్లిదండ్రులకి లేదా బండి ఓనర్‌కి 25 వేల జరిమానా, మూడేళ్ల వరకు జైలు శిక్ష పడొచ్చు. బండి రిజిస్ట్రేషన్ ఏడాది రద్దు. ఆ పిల్లాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు ఉండదు.

25 కిలోమీటర్ల స్పీడు దాటని చిన్న ఎలక్ట్రిక్ స్కూటర్లకి లైసెన్సు అక్కర్లేదు కదా అని కొందరు పిల్లలకి అవే కొనిస్తున్నారు. లైసెన్సు అక్కర్లేదంటే నేర్చుకోవడం అక్కర్లేదని కాదు. మూల మీద లారీకి మీది ఎలక్ట్రిక్కో పెట్రోలో తెలీదు.

ఎల్‌ఎల్‌ఆర్ వచ్చినవాళ్లకి కూడా రూల్స్ ఉన్నాయి. బండికి తెల్ల బోర్డు మీద ఎర్రటి ఎల్ అక్షరం ఉండాలి. నేర్పే వ్యక్తిని తప్ప వెనక ఇంకెవర్నీ ఎక్కించుకోకూడదు. ఎల్‌ఎల్‌ఆర్ ఆర్నెల్లు చెల్లుతుంది, 30 రోజుల తర్వాత పర్మినెంట్ లైసెన్సుకి వెళ్లొచ్చు. చాలామంది 31వ రోజే పరిగెడతారు. ఆర్నెల్ల గడువు నేర్చుకోడానికే ఉందని మర్చిపోతారు.

ఖర్చు లేకుండా ఇంట్లోనే చేయగలిగిన ట్రైనింగ్ ఒకటుంది. మొదటి మూడు నెలలు కొన్ని హద్దులు పెట్టండి. చీకటి పడ్డాక బండి వద్దు. వెనక ఫ్రెండ్ వద్దు. హైవే వద్దు. వానలో వద్దు. తర్వాత ఒక్కొక్కటీ సడలించండి, ప్రతిసారీ మొదట పెద్దవాళ్లు ఎవరైనా వెంట వెళ్లి చూడండి. కొత్తవాళ్లని తేలికైన పరిస్థితుల్లో మొదలుపెట్టి మెల్లగా కష్టమైనవాటిలోకి తీసుకెళ్లే ఈ పద్ధతిని చాలా దేశాలు లైసెన్సు చట్టాల్లోనే పెట్టాయి. మనం ఇంట్లో పెట్టుకోవచ్చు. అన్నట్టు, నాన్న హెల్మెట్ లేకుండా పాలప్యాకెట్‌కి వెళ్తే పిల్లాడు నేర్చుకునేది కూడా అదే.

సర్కారు ఏం చేయొచ్చు?

మార్కెట్‌ని మార్చాలంటే టెస్టుని మార్చాలి. ఎనిమిదితో పాటు ట్రాక్ మీద 30, 40 స్పీడులో సడెన్ బ్రేక్ పరీక్ష పెడితే, నెల తిరక్కుండా ప్రతి ట్రైనరూ బ్రేకింగ్ నేర్పడం మొదలుపెడతాడు. ఎల్‌ఎల్‌ఆర్ ఆన్‌లైన్ టెస్టులో గుర్తుల బొమ్మలతో పాటు మన రోడ్ల వీడియోలు పెట్టి, ప్రమాదం ఎక్కడుందో అడగొచ్చు. దీనికి కొత్త గ్రౌండ్ అక్కర్లేదు.

రెండోది, కాలేజీలు. బ్రాడీపేట, అరండల్‌పేట, లక్ష్మీపురం చుట్టుపక్కల వేలమంది విద్యార్థులు చదువుకుంటున్నారు. ఎంసెట్‌కి ఏళ్ల తరబడి కోచింగ్ ఇచ్చే ఊరు ఇది. బండికి పది గంటల కోచింగ్ ఇవ్వలేదా? కాలేజీ గ్రౌండ్, రవాణా శాఖ సిలబస్, ట్రాఫిక్ పోలీసుల క్లాసు కలిస్తే ఒక వారాంతపు కోర్సు అవుతుంది.

మూడోది, పారదర్శకత. ఏ స్కూల్ నుంచి వచ్చినవాళ్లు తర్వాత ఎన్ని చలానాలు కట్టారు, ఎన్ని ప్రమాదాల్లో ఉన్నారు అన్న లెక్క ప్రభుత్వం దగ్గరే తయారు చేయొచ్చు. లైసెన్సు డేటా, చలానా డేటా, ప్రమాదాల డేటా అన్నీ ఇప్పటికే కంప్యూటర్లలో ఉన్నాయి. వాటిని కలిపి, పేర్లు తీసేసి, స్కూళ్లవారీగా బయటపెడితే మన స్కోర్‌కార్డుల అవసరమే ఉండదు. కాలేజీల ర్యాంకులు చూసి చేర్పించే తల్లిదండ్రులు డ్రైవింగ్ స్కూల్ ర్యాంకు కూడా చూస్తారు.

చివరగా..

బండి కొనడానికి మనం లక్ష దాకా పెడుతున్నాం. సీటు కవర్, క్రాష్ గార్డ్, ఫ్యాన్సీ నంబరుకి వేలకి వేలు పెడుతున్నాం. ట్రైనింగ్ దగ్గరికి వచ్చేసరికి 'అదేముంది, వచ్చేస్తుందిలే' అంటున్నాం. బండి నడపడం వచ్చేస్తుంది, నిజమే. ఆపడం మాత్రం నేర్చుకోవాలి.

ఈ వారం మీ ఇంట్లో ఎవరైనా కోర్సులో చేరబోతుంటే స్కోర్‌కార్డు స్క్రీన్‌షాట్ తీసి పంపండి. అన్నట్టు, ఈ బులెటిన్ బండి మీద వెళ్తూ చదువుతుంటే మాత్రం.. ముందు పక్కకి ఆపండి!